ఆరోగ్య బీమా కంపెనీలకు నష్టమెట్లు వచ్చును?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రచార కార్యముపై మేము గ్రామములకు పోయినపుడు సభ్యులు తరచుగా ఒక ప్రశ్న వేయుచుందురు. వైద్యమునకు సర్కారే సొమ్ము కట్టుచుండగా మధ్యనున్న బీమా కంపెనీకి నష్టమెట్లు వచ్చునని. ప్రశ్న సహేతుకమైనది. దీనికి సమాధానము మన దేశములో కంటె అమెరికాలో స్పష్టముగా కనబడును. మన జిల్లాలనుండి పోయి అచట స్థిరపడినవారు పెక్కుమంది గలరు. కనుక ఈ సంగతి మీలో కొందరి ఇండ్లకు ఇదివరకే చేరియుండును.

అమెరికాలో వృద్ధులకు, నిరుపేదలకు ప్రభుత్వ పథకములు కలవు. ఉద్యోగస్థులలో అధిక సంఖ్యాకులకు యజమాని ద్వారా బీమా లభించును. ఈ కోవలలో చేరనివారు, అనగా చిన్న వ్యాపారులు, స్వంత పనివారు, సేద్యగాండ్రు, తమంత తాము బీమా కొనుక్కొనవలెను. 2014కు పూర్వము చాల రాష్ట్రములలో కంపెనీలు మనిషి రోగచరిత్ర చూచిన పిమ్మటనే బీమా ఇచ్చెడివి. మన పశువుల బీమా సంగతి మీకు తెలిసినదే. పశువైద్యుడు గేదెను పరీక్షించి ధ్రువపత్రమిచ్చిన పిదపనే చెవికి బిళ్ళ వేయుదురు. గేదె విషయమున అది న్యాయమే. మనుష్యుల విషయమునను అదే పద్ధతి నడచుటచే మధుమేహము, కాన్సరు వంటి వ్యాధులున్నవారు బీమాకు దూరమైరి.

2010 మార్చి 23న అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకము చేసిన చట్టము ఈ పద్ధతిని మార్చినది. 2014 జనవరి 1 నుండి కంపెనీ ఎవరినీ కాదనరాదు. రోగియని చెప్పి ఎక్కువ ప్రీమియము గుంజరాదు. వసూలైన ప్రీమియములో నూటికి 80 డాలర్లు ప్రజల వైద్యముపైననే వెచ్చింపవలెను, లేనిచో తక్కువైనంత మేరకు చందాదారులకు తిరిగి ఇయ్యవలెను. తక్కువ రాబడి గలవారి ప్రీమియములో కొంత ప్రభుత్వము భరించును. బీమా తీసికొననివారికి 2018 వరకు జరిమానా యుండెను.

ఉద్దేశము గొప్పది. లెక్క వేయుటలోనే చిక్కు వచ్చినది. కొత్తగా చేరబోవు జనుల ఆరోగ్యస్థితి యెట్టిదో కంపెనీలకు తెలియదు. ఊహపై ధర కట్టి, పోటీకొరకు కొన్ని దానిని మరింత తగ్గించినవి. ఏండ్ల తరబడి చికిత్సకై కాచుకొనియున్నవారు ముందుగా వచ్చి చేరిరి. ఆరోగ్యవంతులైన యువకులు అనేకులు రాలేదు. 2014లో జరిమానా ఒక్కొక్కరికి 95 డాలర్లు, లేక లెక్కకు వచ్చెడి ఆదాయములో నూటికి ఒకటి, ఏది ఎక్కువైన అది. సంవత్సరపు ప్రీమియము ముందు అది స్వల్పము. ఇది చాలదన్నట్లు, పాత బీమాలు రద్దగుచున్నవని అలజడి పుట్టగా 2013 నవంబరులో వానిని కొనసాగించుటకు ప్రభుత్వమే అవకాశమిచ్చినది. ఆ పాత బీమాలలో ఎక్కువమంది రోగచరిత్ర పరీక్షలో నెగ్గినవారు. వారు కొత్త సముదాయములోనికి రాకపోగా, అందు రోగుల పాలు పెరిగినది.

ఫలితము అంకెలలో కనబడినది. యునైటెడ్‌హెల్త్ అను పెద్ద కంపెనీ 2015, 2016 సంవత్సరములకు కలిపి సుమారు 100 కోట్ల డాలర్ల నష్టము అంచనా వేసి, 2017 నాటికి 30కి పైగా రాష్ట్రములలో ఈ వ్యాపారము మానుకొన్నది. ఏట్నా కంపెనీ 2014 నుండి తనకు 43 కోట్ల డాలర్లు పోయినవని చెప్పి, 2016 ఆగస్టులో 15 రాష్ట్రములకు గాను 11 రాష్ట్రములనుండి తప్పుకొనుచున్నట్లు ప్రకటించినది. దానితో ఆరిజోనాలోని పినాల్ కౌంటీలో మరుసటి సంవత్సరమునకు బీమా అమ్మువాడే లేకపోయెను. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. అచటి ప్రజలు కొన్ని వారములపాటు ఆందోళనపడిన పిదప, సెప్టెంబరులో మరియొక సంస్థ ముందుకు వచ్చినది.

కంపెనీ చెప్పిన నష్టమంతయు ఉన్నదున్నట్లు నమ్మవలెనా? ఏట్నా 17 కౌంటీలను విడుచుట కేవలము నష్టమువలన గాదనియు, మరొక కంపెనీతో తన విలీనముపై నడచుచున్న వ్యాజ్యములో మేలు పొందుటకనియు 2017 జనవరిలో న్యాయమూర్తియే తీర్పులో వ్రాసెను. నష్టము నిజము. దానిని ప్రయోగించిన తీరు వేరు.

ఇట్టి నష్టము రావచ్చునని చట్టము చేసినవారు ఊహించియుండిరి. మొదటి 3 సంవత్సరములు అధిక లాభము వచ్చిన కంపెనీ కొంత ప్రభుత్వమునకు కట్టవలెను, అధిక నష్టము వచ్చినదానికి ప్రభుత్వము కొంత పూడ్చవలెను. కాని 2014 డిసెంబరులో అమెరికా కాంగ్రెసు వ్యయ చట్టమున ఒక షరతు చేర్చినది. దానివలన, లాభపడినవారు కట్టిన సొమ్మే తప్ప ఖజానానుండి ఇచ్చుటకు వీలులేకపోయెను. 2014 సంవత్సరమునకు కంపెనీలకు రావలసినది 287 కోట్ల డాలర్లు. లాభపడినవారినుండి వచ్చినది 36 కోట్ల 20 లక్షలు. రూపాయికి రెండణాల చొప్పున ముట్టినదన్నమాట.

పెద్ద కంపెనీలు ఈ దెబ్బకు ఓర్చుకొన్నవి. ప్రభుత్వ ఋణముతో లాభాపేక్ష లేక నెలకొల్పబడిన 23 సహకార బీమా సంస్థలు ఓర్వలేకపోయినవి. 2015 ముగియునంతలో అందు 12 మూతబడినవి. రావలసిన బాకీ రాక సహకార సంఘము చితికిపోవుట ఎట్లుండునో మీకు మేము చెప్పనక్కరలేదు. 2020 ఏప్రిల్ 27న సుప్రీం కోర్టు 8 మంది ఒక వైపు, ఒక్కరు వేరొక వైపుగా తీర్పు చెప్పి, ప్రభుత్వము మాట ప్రకారము చెల్లింపవలసినదే యనెను. మొత్తము 1,200 కోట్ల డాలర్లకు పైబడిన బాకీ యది. అప్పటికి ఆ సహకార సంస్థలలో మిగిలినవి కొద్ది మాత్రమే.

నిలిచిన కంపెనీలు ప్రీమియములు పెంచినవి. ప్రభుత్వ సహాయము పొందువారికి ఆ భారము అంతగా తగులలేదు. సహాయమునకు నోచుకొనని మధ్యతరగతివారే దానిని మోసిరి. 2018 నాటికి కంపెనీలు తేరుకొన్నవి. 2020లో, నూటికి 80 నిబంధన ప్రకారము చందాదారులు మొదలైనవారికి తిరిగి ఇయ్యవలసిన మొత్తము 246 కోట్ల డాలర్లకు చేరినది!

ఇక మన సంగతి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ ఆరంభమైనపుడు అదియు బీమా కంపెనీ ద్వారానే నడచినది. అయితే తెల్లకార్డు గల కుటుంబమునంతటిని చేర్చి, ప్రీమియము ప్రభుత్వమే కట్టినది. రోగులు మాత్రమే వచ్చి చేరుట యను చిక్కు అందుచే లేకపోయినది. తరువాత ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు చెల్లించు పద్ధతి వచ్చినది. 2018 సెప్టెంబరు 23న ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ కూడ బీమా, ట్రస్టు, రెండును కలిసిన పద్ధతి, వీనిలో ఒకదానిని రాష్ట్రములు ఎన్నుకొనవచ్చునన్నది.

ట్రస్టు పద్ధతిలో నష్టపోవుటకు కంపెనీ యుండదు. కాని ఖజానానుండి సొమ్ము ఆలస్యమైనచో ఆ బరువు ఆసుపత్రిపై బడును. ప్రచారశాఖవారమైనను ఈ మాట మేము దాచము. 2025లో ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ప్రైవేటు ఆసుపత్రులు బకాయిలకై కొన్ని దినములు ఈ సేవలు నిలిపినవి. అట్టి సమయమున గ్రామస్థులు మొదట వచ్చి అడుగునది వార్డు సభ్యునినే. రోగిని బండి యెక్కించుటకు ముందే 104కు ఫోను చేసిగాని, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగిగాని, ఎచట చేర్చుకొనుచున్నారో తెలిసికొనుడు. ఈ పథకములో ప్రభుత్వ ఆసుపత్రులును ఉన్నవి.