జార్జియా శాసనసభ: తొలగింపబడిన సభ్యులు

ఓటు వేసే హక్కు గలవానికి, ఎన్నికై సభలో కూర్చునే హక్కు కూడా ఉన్నట్టేనా? ఈ ప్రశ్నలో సందేహానికి తావెక్కడున్నదని మనకు తోచవచ్చును. కాని 1868వ సంవత్సరంలో, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒకటైన జార్జియా శాసనసభ ఈ ప్రశ్నను తీవ్రంగా చర్చించినది. చర్చించి, ఓటు వేరు, పదవి వేరు అని నిర్ణయించినది. ప్రజలు ఎన్నుకొని పంపిన సభ్యులను, వారి జాతి తప్ప వేరొక అనర్హత చూపకుండా, సభనుండి వెలుపలికి పంపివేసినది. ఆ సభ్యుల చరిత్రయే నేటి ప్రసంగ విషయం.

అమెరికాలో ప్రతి రాష్ట్రానికి తన సొంత రాజ్యాంగం, తన గవర్నరు, తన శాసనసభ ఉంటాయి. జార్జియా శాసనసభలో ప్రతినిధుల సభ అనీ, సెనేటు అనీ రెండు భాగాలు. ఆ రాష్ట్రం దేశానికి ఆగ్నేయ దిశను, అట్లాంటిక్ సముద్రతీరాన ఉన్నది. ఆనాటి ముఖ్యమైన పంట ప్రత్తి. 1860 నాటి జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 10 లక్షల 57 వేల జనం ఉండగా, వారిలో సుమారు 4 లక్షల 62 వేల మంది బానిసలు. 1861 జనవరిలో జార్జియా దేశంనుండి విడిపోయి తిరుగుబాటు రాష్ట్రాలతో చేరినది. నాలుగేండ్ల అంతర్యుద్ధం 1865లో ముగిసినది. ఆ సంవత్సరం డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసినది.

సంకెలలు తెగినంతమాత్రాన బానిస పౌరుడు కాలేదు. పౌరసత్వాన్ని, చట్టం యెదుట సమానత్వాన్ని ప్రసాదించే 14వ సవరణను జార్జియా శాసనసభ 1866లో తిరస్కరించినది. అందుపై అమెరికా కాంగ్రెసు 1867 మార్చిలో కఠినమైన చట్టాలు చేసి, తిరుగుబాటు చేసిన రాష్ట్రాలలో పదింటిని సైనికాధికారుల పర్యవేక్షణ క్రింద ఉంచినది. జాతిభేదం లేక వయోజన పురుషులందరి ఓట్లతో కొత్త రాజ్యాంగ సభను ఎన్నుకోవలెను. కొత్త రాజ్యాంగం రచించుకోవలెను. 14వ సవరణను ఆమోదించవలెను. అప్పుడే ఆ రాష్ట్రాల ప్రతినిధులకు కాంగ్రెసులో మరల చోటు. ఇదీ షరతు.

ఆ షరతు ననుసరించి 1867 డిసెంబరులో అట్లాంటా నగరంలో జార్జియా రాజ్యాంగ సభ కూడినది. అందులో నల్లజాతి ప్రతినిధులు 30 మందికి పైగా ఉన్నారు. మరుసటి మార్చి నాటికి రాజ్యాంగం సిద్ధమైనది. రాష్ట్రంలో ఉచిత విద్యాశాలలు నెలకొల్పవలెనన్నది ఆ రాజ్యాంగమే. అప్పు తీర్చలేనివానిని చెరలో వేసే ఆచారాన్ని రద్దు చేసినదీ, రాజధానిని మిల్లెడ్జ్‌విల్ నుండి అట్లాంటాకు మార్చినదీ అదే. నల్లజాతి పురుషులకు ఓటు హక్కు అందులో స్పష్టంగా వ్రాయబడినది. కాని వారు పదవులకు కూడా అర్హులని విడమరచి చెప్పే వాక్యాన్ని మాత్రం వదలివేసినారు. ఆ మాట కంటబడితే తెల్లజాతి ఓటర్లు రాజ్యాంగాన్నే త్రోసిపుచ్చుతారని భయం. ఓటు ఇచ్చిన పిమ్మట పదవీహక్కును వేరుగా చెప్పనక్కరలేదని నల్లజాతి నాయకులు కొందరు నమ్మినారు. ఇంకొకవైపున, యుద్ధకాలంలో గవర్నరుగా ఉండిన జోసెఫ్ బ్రౌన్ అదే మౌనాన్ని చూపించి, ఈ రాజ్యాంగం నల్లవారికి పదవులు ఇవ్వడం లేదని తెల్లవారికి నచ్చజెప్పినాడు. ఒకే రాజ్యాంగాన్ని ఇరువర్గాలవారు రెండు విధాలుగా చదువుకొని ఆమోదించినారన్నమాట.

1868 ఏప్రిలులో ఎన్నికలు జరిగినవి. రిపబ్లికన్ పక్షానికి చెందిన రూఫస్ బుల్లక్ గవర్నరైనాడు. 175 మంది ఉండే ప్రతినిధుల సభకు, 44 మంది ఉండే సెనేటుకు కలిపి ఎన్నికైన నల్లజాతివారిని చరిత్రకారులు ‘తొలి 33 మంది’ అని వ్యవహరిస్తారు. వారిలో మతబోధకులున్నారు, చేతిపనివారున్నారు, రైతులున్నారు. నిన్నమొన్నటిదాకా సంతలో వెలకట్టబడినవారున్నారు. సెనేటు సభ్యుడైన ట్యూనిస్ కాంప్‌బెల్ 1812లో ఉత్తరాది రాష్ట్రమైన న్యూజెర్సీలో స్వతంత్రుడుగా జన్మించి, హోటళ్ళలో పనిచేసి, హోటలు నిర్వహణను గూర్చి 1848లో ఒక గ్రంథం ప్రకటించినవాడు. ప్రతినిధుల సభకు ఎన్నికైన హెన్రీ మెక్నీల్ టర్నర్ దక్షిణ కరోలినాలో 1834లో జన్మించిన స్వతంత్రుడు, మతబోధకుడు, అంతర్యుద్ధంలో నల్లజాతి సైనికదళానికి మతగురువుగా పనిచేసినవాడు.

జూలైలో సభ కూడినది. 14వ సవరణను ఆమోదించవలసి ఉండగా నల్లజాతి సభ్యుల జోలికి ఎవరూ పోలేదు. ఆ పని నెరవేరి, సైనికాధికారం తొలగిపోగానే వాదం లేవదీసినారు. రాజ్యాంగంలో వారికి ఓటు ఇచ్చినట్టున్నది గాని పదవి ఇచ్చినట్టు లేదు. ఇచ్చినట్టు చెప్పనిది ఇవ్వనట్టే. ఇదీ ఆ వాదం. సెప్టెంబరు 3వ తేదీన ప్రతినిధుల సభలో తీర్మానం ఓటుకు వచ్చినది. తొలగింపును కోరి 83 మంది, వద్దని 23 మంది ఓటు చేసినారు. ఎవరి స్థానాలు వివాదంలో ఉన్నవో వారికి ఓటు వేసే అవకాశం ఇయ్యలేదు. గవర్నరు పక్షానికే చెందిన తెల్లజాతి సభ్యులు కొందరు ప్రత్యర్థులతో చేరినారు. మరికొందరు ఓటు వేయకుండా తప్పుకొన్నారు. 25 మంది సభ్యత్వం కోల్పోయినారు. ఛాయ తేటగా ఉన్న నలుగురిని నల్లజాతివారని రుజువు చేయలేక వదలిపెట్టినారు. శాసనకర్తృత్వానికి అర్హత మేనిఛాయ మీదికి దిగివచ్చినదనడానికి ఇంతకంటె నిదర్శనం వేరే అక్కరలేదు. కొన్ని దినాలకు సెనేటు కూడా కాంప్‌బెల్‌ను, జార్జి వాలెస్‌ను తొలగించినది. ఖాళీ అయిన స్థానాలను, ఎన్నికలలో ఓడిపోయిన తెల్లజాతి అభ్యర్థులకు ఇచ్చినారు.

తీర్మానం ఓటుకు రాకముందు టర్నర్ చేసిన ప్రసంగం అమెరికా శాసనసభల చరిత్రలో ప్రసిద్ధి చెందినది. ఆయన ఎవరి దయనూ అర్థించలేదు. తాను మానవుడనా, కానా అన్నదే ప్రశ్న అనీ, మానవుడనైతే మానవుని హక్కు తనకు కావలెననీ అన్నాడు. చర్మం రంగు తప్ప వేరు నేరం లేకుండా ఒకనిని శాసనసభ యెదుట నిలబెట్టి విచారించిన ఉదాహరణ లోకచరిత్రలో ఉన్నదా అని నిలదీసినాడు. ఈ రాజ్యాంగాన్ని రచించడంలో తమ జాతివారికి భాగమున్నదనీ, తమ ఓట్లు లేకపోతే ఈ సభయే లేదనీ జ్ఞాపకం చేసినాడు. ఆయన వాదానికి సమాధానం వచ్చినట్టు కనబడదు. ఓట్లు మాత్రం వచ్చినవి.

సభలో జరిగిన అన్యాయం సభతో ఆగలేదు. సరిగా పదహారు దినాలకు, సెప్టెంబరు 19వ తేదీన, తొలగింపబడిన సభ్యులలో ఒకడైన ఫిలిప్ జాయినర్ మరికొందరు నాయకులతో కలిసి, వందలాది జనాన్ని వెంటబెట్టుకొని ఆల్బనీ నుండి కమిల్లా అనే ఊరికి ఎన్నికల సభకై నడచి వెళ్ళినాడు. ఆ ఊరివారు వారిపై తుపాకులు కాల్చినారు. కనీసం 9 మంది మరణించినారు, ఎందరో గాయపడినారు. నవంబరులో జరిగిన అధ్యక్ష ఎన్నికలలో దీని ఫలితం కనబడినది. కొలంబియా అనే ఒక్క కౌంటీని చూడండి. ఏప్రిలులో బుల్లక్‌కు అక్కడ 1,222 ఓట్లు వచ్చినవి. నవంబరులో అదే పక్షపు అభ్యర్థి గ్రాంటుకు వచ్చినది ఒకే ఒక్క ఓటు. ప్రతినిధిని సభనుండి వెళ్ళగొట్టిన పిమ్మట, ఓటరును ఓటు పెట్టెనుండి వెళ్ళగొట్టడం కష్టమైన పని కాలేదు.

ఇంతలో ఇదే వివాదం న్యాయస్థానానికి ఎక్కినది. సవానా నగరం ఉన్న చాథం కౌంటీలో రిచర్డ్ వైట్ అనే ఆయన కోర్టు గుమాస్తా పదవికి ఎన్నికైనాడు. ఆయనలో ఎనిమిదవ వంతో, అంతకంటె ఎక్కువో నల్లజాతి రక్తం ఉన్నది గనుక ఆ పదవి తనకే చెందవలెనని ఓడిపోయిన క్లెమెంట్స్ దావా వేసినాడు. 1869 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇద్దరు ఔననగా, ఒకరు కాదనగా, వైట్‌కు అనుకూలంగా తీర్పు చెప్పినది. నిషేధించినట్టు ఎక్కడా చెప్పలేదు గనుక పౌరునికి పదవీహక్కు ఉన్నట్టేనని తీర్పు సారాంశం. శాసనసభ ఏ మౌనాన్ని ఆధారం చేసుకొన్నదో, న్యాయస్థానమూ ఆ మౌనాన్నే చూచినది; చూచి వ్యతిరేకమైన అర్థం తీసినది. ఆనాటి ప్రధాన న్యాయమూర్తి ఎవరనుకొన్నారు? రాజ్యాంగం నల్లవారికి పదవులివ్వదని ఊరూరా చెప్పిన జోసెఫ్ బ్రౌనే. ఆయన కూడా ఈ తీర్పుతో ఏకీభవించినాడు.

తీర్పు వచ్చినా శాసనసభ తన ద్వారాలు తెరవలేదు. ఆ అక్టోబరులో, తొలగింపబడిన సభ్యుడు ఏబ్రమ్ కోల్బీని ముసుగు దొంగలైన కూక్లక్స్ ముఠావారు రాత్రివేళ ఇంటినుండి అడవికి ఈడ్చుకొనిపోయి గంటల తరబడి కొరడాలతో కొట్టినారు. తన చిన్నకూతురు తండ్రిని తీసుకొనిపోవద్దని ప్రాధేయపడినదనీ, వారు ఆమెకు తుపాకి గురిపెట్టినారనీ, ఆ బెదురుతోనే ఆమె తరువాత మరణించినదనీ ఆయన 1871లో కాంగ్రెసు విచారణ సంఘం యెదుట సాక్ష్యం చెప్పినాడు. అంతకుముందు, రాజీనామా చేస్తే 2,500 డాలర్లు, పక్షం మారితే 5,000 డాలర్లు ఇస్తామని ఆశపెట్టినారట. కౌంటీ విలువంతా ఇచ్చినా ఆ పని చేయనని కోల్బీ సమాధానం.

చివరకు 1869 డిసెంబరులో కాంగ్రెసు కల్పించుకొన్నది. జార్జియాను మరల సైనిక పర్యవేక్షణలోకి తెచ్చి, తొలగించిన సభ్యులను తిరిగి చేర్చుకోవలెనని శాసించినది. 1870 జనవరిలో నల్లజాతి సభ్యులు తమ స్థానాలలో మరల కూర్చున్నారు. తిరుగుబాటుకు తోడ్పడినందువల్ల అనర్హులైన కొందరిని జనరల్ టెర్రీ సభనుండి తొలగించినాడు. ఓటు హక్కులో జాతిభేదం కూడదనే 15వ సవరణను ఈ సభ ఫిబ్రవరిలో ఆమోదించినది. జూలైలో జార్జియాకు కాంగ్రెసులో మరల చోటు దొరికినది.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ఆ 15వ సవరణను రచించే సమయంలో, ఓటు హక్కుతోపాటు పదవీహక్కును కూడా చేర్చవలెనని కాంగ్రెసులో ప్రతిపాదన వచ్చినది. కాని తుదిరూపంలో ఓటు మాత్రమే మిగిలినది. జార్జియా అనుభవం కళ్ళయెదుట ఉండగానే పెద్దసభ కూడా ఆ మాటను విడిచిపెట్టినది.

ఆ తరువాతి కథలో ప్రత్యర్థులు మరింత నేర్పు చూపినారు. 1870 డిసెంబరు ఎన్నికలలో వారే గెలిచినారు. మరుసటి యేడు గవర్నరు బుల్లక్ పదవి విడిచి రాష్ట్రం వదలి వెళ్ళినాడు. 1877 నాటి కొత్త రాజ్యాంగంలో తలపన్ను బకాయి లేకుండా కట్టినవారికే ఓటు అన్నారు. ఆ నిబంధనలో జాతి అన్న మాట లేదు. బీదవాడైన నల్లజాతి రైతుకు బకాయి ఏటేటా పెరిగినది, ఓటు పోయినది. కాంప్‌బెల్‌ను, ఆయన న్యాయాధికారిగా చేసిన ఒక చర్యపై నేరం మోపి శిక్షించి, 1876లో, అరవై దాటిన వయస్సులో, ఖైదీలను కూలికి అప్పగించే పద్ధతి ప్రకారం ఒక తోట యజమానికి అప్పగించినారు. శాసనసభలో మిగిలిన చివరి నల్లజాతి సభ్యుడు 1907లో వెళ్ళిపోయినాడు. 1908లో రాజ్యాంగ సవరణ ద్వారా అక్షరాస్యత మొదలైన కొత్త ఆంక్షలు వచ్చినవి.

ఆ సభలో మరల ఒక నల్లజాతి సభ్యుడు అడుగుపెట్టడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టినది. 1962లో లెరాయ్ జాన్సన్ సెనేటుకు ఎన్నికైనాడు. 1966 జనవరిలో ప్రతినిధుల సభ మరొక పర్యాయం పాత దారి త్రొక్కినది. వియత్నాం యుద్ధాన్ని ఖండించే ప్రకటనను సమర్థించినాడన్న కారణంతో జూలియన్ బాండ్ అనే నల్లజాతి యువకునికి 184 ఓట్లకు 12 ఓట్లతో స్థానం నిరాకరించినది. కాని ఈ పర్యాయం ఒక్క సంవత్సరం తిరగకుండానే, డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ నిరాకరణ చెల్లదన్నది. తొలగింపబడిన ఆనాటి సభ్యుల స్మారకంగా అట్లాంటాలో శాసనసభా ప్రాంగణంలో ఒక శిల్పం కూడా తరువాత వెలసినది.

1868 సెప్టెంబరులో జార్జియా సభ చేసిన పనిలో పద్ధతికి లోటు లేదు. తీర్మానం ఉన్నది, చర్చ ఉన్నది, ఓట్ల లెక్క ఉన్నది. న్యాయం ఒక్కటే లేదు. హక్కులను ఇచ్చేవారు మొగమాటం చేతనో, భయం చేతనో ఒక మాటను వ్రాయకుండా విడిచినప్పుడు, ఆ ఖాళీని పూరించేవాడు బలవంతుడే అవుతాడు. రాజ్యాంగాలు రచించేవారు తాము వ్రాసిన వాక్యాలతోపాటు, కొట్టివేసిన వాక్యాలను కూడా ఒకమారు తిరిగి చదువుకోవలసి ఉంటుంది. అట్లాంటాలో విడిచిపెట్టిన ఆ ఒక్క వాక్యానికి ఏబ్రమ్ కోల్బీ తన వీపుతోనూ, తన బిడ్డతోనూ వెల చెల్లించినాడు.