రేచీకటి - రెండు కారణములు
(ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో దీపాలు పెట్టు వేళకు పిల్లవాడు తడబడినచో "వీనికి రేచీకటి" అందురు. ఆ మాట వినబడగానే ఇంటిలో రెండు తీర్పులు సిద్ధముగా నుండును. తల్లి సరిగా తిండి పెట్టలేదని కొందరు, అది ఆ వంశపు దోషమని కొందరు. రెండింటికిని ఆధారమున్నది. కాని ఏ పిల్లవానికి ఏది వర్తించునో తెలియక తీర్పు చెప్పుట ప్రమాదకరము. ఈ రెంటిని వేరుచేసి చూపినవి ఎలుకలనిన మీకు వింతగా తోచవచ్చును.

1925లో డెన్మార్కు దేశపు ఫ్రిడెరీషియా, హోల్మ్ అను శాస్త్రజ్ఞులు ఎ విటమిను లేని మేతతో ఎలుకలను పెంచిరి. కంటి లోపలి పొరలో ఊదారంగు పదార్థ మొకటి కలదు. మసక వెలుతురులో చూపునకు అదియే ఆధారము. వెలుతురు తగిలి వెలిసిన ఆ రంగు ఈ ఎలుకలలో ఆలస్యముగా తిరిగి వచ్చుచుండెను. ఇట్టి రేచీకటి ఎ విటమిను అందినచో కొలది దినములలో తగ్గును. మునగాకు, తోటకూర, బొప్పాయి మన పెరటిలోనివే. వంశదోషమని ఊరకుండిన ఇంటిలో మాత్రము నల్లగ్రుడ్డు మెత్తబడి బిడ్డ చూపు శాశ్వతముగా పోవచ్చును.

అంతకు ఒక యేడు ముందు, 1924లో, అమెరికాలో కీలరు అను శాస్త్రజ్ఞుడు కొన్ని చిట్టెలుకల కండ్లలో రాత్రి చూపునకు కావలసిన దండకణములు లేకుండుట గమనించెను. వాటి మేతలో లోపము లేదు. లోపము తల్లిదండ్రుల నుండి సంక్రమించినది. ఇట్టి చిట్టెలుకలలో ఆ కణములు పుట్టిన నాలుగు వారములలోనే నశించును. మనుష్యులలో ఏండ్లు పట్టును. ముందు రాత్రి చూపు, పిదప ప్రక్క చూపు తగ్గి, తుదకు గొట్టములోనుండి చూచినట్లగును. వైద్యులు దీనిని రెటినైటిస్ పిగ్మెంటోసా అందురు.

మూగజీవికి చూపున్నదో లేదో ఎట్లు తెలియును? రైతులకు మేము చెప్పనక్కరలేదు. చూపు పోయిన ఎద్దు తన శాలలో కుడితి గోలెమునకు తిన్నగానే పోవును. తెలియని సంతలో గాని దాని సంగతి బయటపడదు. అందుచేతనే శాస్త్రజ్ఞులు ఎలుక చుట్టును నల్లని, తెల్లని చారల పీపాను త్రిప్పుదురు. చూపున్న ఎలుక చారల వెంట తల త్రిప్పును, లేనిది త్రిప్పదు. పిల్లవాడును ఇంతే. ఇంటిలో తడుముకొనడు. అరసవల్లి రథసప్తమికి అర్ధరాత్రి వరుసలో నిలిచినప్పుడు ప్రక్కవారిని ఢీకొనును. కండ్ల కొరకు అచ్చట మ్రొక్కుకొనుట మన ఆచారము. మ్రొక్కు చెల్లింపుడు, వైద్యపరీక్షయు చేయింపుడు.

చికిత్స విషయము. బ్రియార్డు జాతి కుక్కలలో పుట్టుగ్రుడ్డితనమును పోలిన వ్యాధి కలదు. 2001లో అమెరికాలో అట్టి కుక్కల కంటిలోనికి మంచి జన్యువును సూదితో పంపిరి. అవి చికిత్స జరిగిన కంటివైపు అడ్డములను తప్పుకొని నడిచినవి. రెండవ వైపు ఢీకొనినవి. అదే జన్యువు లోపించిన మనుష్యులకు ఆ చికిత్సను 2017లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. ధర మాత్రము కంటికి 4,25,000 డాలర్లుగా ప్రకటింపబడెను! పైగా ఈ వ్యాధులకు కారణమగు జన్యువులు పదుల సంఖ్యలో నుండగా, అది ఒక్కదానికే పనికివచ్చును. దానిపై ఆశ పెట్టుకొని కూర్చొనుడని మేము చెప్పజాలము.

మన చేతిలోనున్నది పెండ్లి మాట. అనేక కుటుంబములలో తల్లికి, తండ్రికి చూపు చక్కగానే యుండును. ఒకే లోపము ఇరువురిలోను దాగియుండును. అప్పుడు ప్రతి కాన్పునందును వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. మేనత్త, మేనమామ బిడ్డలు జన్యువులలో ఎనిమిదవ వంతును, మేనమామ, మేనకోడలు నాలుగవ వంతును పంచుకొందురు. కావున దాగిన లోపము మేనరికమున కలిసికొనుట సులభము. పిఠాపురమున జన్మించి, హాల్డేను మహాశయునికి శిష్యులైన ద్రోణంరాజు కృష్ణారావుగారు 1960 ప్రాంతముననే ఆంధ్రదేశపు మేనరికములను పరిశీలించి ప్రకటించిరి. మేనరికములన్నియు చెడుపని మేమనము. ఇంటిలో ఒక్కరికైనను ఇట్టి చూపులోపమున్నచో, ముహూర్తమునకు ముందు వైద్యుని అడుగుడు. తాంబూలములు పుచ్చుకొన్న పిదప అడుగుటకు ఎవరికి నోరాడును?

విశాఖపట్టణములో ప్రభుత్వ ప్రాంతీయ నేత్ర వైద్యశాల కలదు. హైదరాబాదులో 1987లో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ శాఖయు 2006 నుండి అచ్చట నున్నది. పిల్లవానితోపాటు ఇంటి పెద్దను ఒకరిని తీసికొనిపొండు. మూడు తరములలో ఎవరెవరికి చూపు తగ్గినది, ఏ వయస్సున తగ్గినది, ఎవరు ఎవరిని వివాహమాడిరి అని వైద్యులు అడుగుదురు. ఆడపిల్ల సంబంధము చెడునను భయముతో ఒక పేరు దాచినచో ఆ లెక్క తప్పును.