వృద్ధుల మందులు - భీమా
(షోలాపురములోని మన పాఠశాల వార్షికోత్సవమున పూర్వవిద్యార్థి యొకరు చేసిన ఉపన్యాసము)



బడి పండుగలో మాత్రల సంగతి యేమిటని కొందరు నవ్వుకొనవచ్చును. నేను ఈ బడిలోనే చదివి ముప్పది యేండ్లు మందుల దుకాణము నడిపినవాడను. తాతల, అవ్వల మందుల చీటీలు పట్టుకొని నా యొద్దకు వచ్చువారు తరచుగా ఈ బడి పిల్లలే. కనుక ఈ మాట ఇచ్చటనే చెప్పదలచితిని.

మా పేటలో మిల్లు పని చేసి విరమించిన పెద్దాయన యొకరు నెలనెలా ముప్పది రక్తపుపోటు మాత్రలు కొనెడివారు. ఒక నెల పదునైదే అడిగిరి. "బి.పి. తగ్గిందా, పెద్దయ్యా?" అంటిని. "తగ్గలేదు బిడ్డా. మనుమని ఫీజు కట్టాలె. దినం విడిచి దినం మింగుతున్న" అనిరి. నేను ఊరకుంటిని. అది నా తప్పు. ఆరు నెలలు గడువకముందే ఆయనకు పక్షవాతము వచ్చినది. ఆసుపత్రి వ్యయమును ప్రభుత్వ భీమా భరించినది గాని, ఇల్లు చేరిన పిమ్మట కొన్ని వారములకే మందులకు ఆ కార్డు పనికిరాకపోయెను. ఇంటివారు మోసపోయితిమనుకొనిరి.

మోసమేమియు లేదు. ఆయుష్మాన్ భారత్ పథకము 2018లో ఆరంభమైనది. 2024 అక్టోబరు 29 నుండి 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వరకు వర్తింపజేసిరి. కాని అది ఆసుపత్రిలో చేరినవారికి ఉద్దేశించినది. చేరుటకు ముందు 3 దినములు, విడుదలయిన పిదప 15 దినముల మందులు దానిలో చేరును. పదునాఱవ నాటి మాత్ర మన జేబులోనిదే. ప్రైవేటు పాలసీలు కూడ చాలవరకు ఇట్టివే. ఆసుపత్రిలో చేరకయే వాడు మందులకు సొమ్ము వచ్చునని పత్రములో స్పష్టముగా వ్రాసి యుండవలెను. ఏజెంటు నోటిమాట చాలదు. ముందునుండి యున్న వ్యాధులకు 36 నెలల వరకు నిరీక్షణకాలము పెట్టవచ్చును. అది కూడ చదువుకొనవలెను.

అమెరికాలో కుమార్తెల కడకు పోయి వచ్చినవారు, అచటి వృద్ధులకు మందులకే వేరు భీమా కలదని చెప్పుచుందురు. నిజమే. 2006 నుండి కలదు. నెలనెలా రుసుము కట్టి, తాము వాడు మందులు ఏ పట్టికలో నున్నవో చూచుకొని యేటేట పథకమును మార్చుకొందురు. మన దేశమున అట్టి ప్రత్యేక ప్రభుత్వ భీమా లేదు.

అయినను మనకు దారులు లేకపోలేదు. ఇ.ఎస్.ఐ. చందా కట్టుచు కనీసము 5 సంవత్సరములు పనిచేసి, విరమణ వయస్సు వచ్చి పని మానినవారు ఏటికి 120 రూపాయలు ముందుగా చెల్లించినచో భార్యాభర్తలిరువురకు వైద్యము, మందులు లభించును. నెలకు పది రూపాయలు! ఆ పెద్దాయనకు ఈ హక్కు మొదటినుండియు కలదు. ఆయనకు తెలియదు; ముప్పది యేండ్లు మందులమ్మిన నాకును తెలియదు. పక్షవాతము వచ్చిన పిదప ఆయన పాత ట్రంకుపెట్టెలో ఇ.ఎస్.ఐ. కార్డు కనబడినప్పుడు విచారించి తెలిసికొంటిని. రైల్వేలో విరమించి అచటి ఆరోగ్యపథకమున చేరినవారికి రైల్వే ఆసుపత్రిలో మందులు దొరకును. బీడీలు చుట్టు తల్లులు తమ గుర్తింపు కార్డును పారవేయరాదు. కార్మిక సంక్షేమ వైద్యశాలలకు అది అవసరము.

ఏ పథకమును లేనివారికి జనౌషధి దుకాణములున్నవి. 2008లో మొదలయిన ఈ దుకాణములలో అదే మందు కంపెనీ పేరు గల సరకుకన్న నూటికి 50 నుండి 80 వంతులు చౌక. నా వ్యాపారమునకు ఇది నష్టమే, చెప్పక తప్పదు. డాక్టరుగారిని మందు అసలు పేరు వ్రాయుమని అడుగుడు.

పై తరగతుల విద్యార్థులారా, మీ యింటి పెట్టెలలో తాతగారి పాత ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నదేమో వెదకుడు. వచ్చే ఆదివారము ఉదయము ఈ బడి వరండాలోనే కూర్చుందును. కార్డులు, మందుల చీటీలు తెండు. దరఖాస్తులు నేనే నింపెదను.