బందరు కటకము



ఈ గ్రంథాలయమున సాయంకాలము పత్రిక విప్పు వృద్ధుల ముక్కుపై రెండు గాజుబిళ్ళలుండును. అవి లేనిచో ఇందలి గ్రంథములన్నియు వారికి మూతవడినట్లే.

గాజును సానపట్టి చూపునిచ్చు విద్య కృష్ణాజిల్లాకు క్రొత్త కాదు. 1926లో మచిలీపట్టణమున ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ వెలసెను. పరదేశపు సరకే శాస్త్రపరికరమనుకొను కాలమున అది సామాన్యసాహసము గాదు. పిదప ఆ సంస్థ చిక్కులలో పడగా, 1983లో కేంద్రప్రభుత్వపు భారత్ ఎలక్ట్రానిక్స్ దానిని చేపట్టెను. నాడు యంత్రములను తూకమున కమ్మియుండిన సొమ్ము కొంత చేతికి వచ్చెడిదేమో గాని, పనివారి చేతులలోని నేర్పు మఱల దొరకెడిది కాదు. నేడు సైనికులు చీకటిలో చూచు పరికరములు బందరున తయారగుచున్నవి. 2025 అక్టోబరులో పామఱ్ఱు చెంత నిమ్మలూరున, సుమారు 360 కోట్ల రూపాయలతో కట్టిన క్రొత్త కర్మాగారము జాతి కంకితమయ్యెను.

చవుకగా దొరకునప్పుడు కొనుక్కొనిన చాలదా యని కొంద ఱడుగుదురు. బ్రిటను అట్లే తలచి కటకపు గాజును అధికముగా జర్మనీనుండి తెప్పించుకొనెడిది. 1914లో ఆ జర్మనీతోనే యుద్ధము వచ్చెను. అంతటి సామ్రాజ్యమును ఇండ్లలోని దుర్భిణీలను సైన్యమున కిమ్మని ప్రజలను వేడుకొనవలసివచ్చెను! చిట్టాలో ధర యెక్కును. అమ్మువాడు ‘లేదు’ పొమ్మను దినము ఎక్కదు.

ఆ దినము మనకు దూరముగా లేదు. వేడిమిని పట్టి చూపు యంత్రములకు మామూలు గాజు పనికిరాదు. జెర్మేనియమను పదార్థమును కటకముగా మలతురు. దాని ఉత్పత్తిలో చైనాదే పైచేయి. 2023 ఆగస్టునుండి దాని ఎగుమతికి చైనా అనుమతిపత్రము విధించెను. 2024 డిసెంబరులో అమెరికాకు పంపుటనే నిషేధించి, 2025 నవంబరులో ఆ నిషేధమును కొంతకాలమునకు ప్రక్కనబెట్టెను. ఆబోతులు కుమ్ముకొనిన లేగల కాళ్ళు విరుగును గదా!

మన ప్రభుత్వము 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజములలో జెర్మేనియము కలదు. మేలే; కాని పట్టిక కటకము గాదు. కౌటిల్యుడు గనులకు ప్రత్యేకముగా ఒక అధ్యక్షునే నియమింపుమనెను. జెర్మేనియము తుత్తునాగపు ఖనిజశేషములందును, కొన్ని బొగ్గుల బూడిదయందును దొరకును. విజయవాడ ప్రక్కనే ఇబ్రహీంపట్టణపు విద్యుత్కేంద్రమున కాలిన బొగ్గు బూడిద యున్నది. అందులో అది యున్నదో లేదో, యున్నను తీయుట గిట్టునో లేదో పరీక్షింపుమని ప్రభుత్వమును కోరుటకు మనకు ఖర్చేమి? లేదని తేలినను ఆ మాట తెలిసియుండుట లాభమే.

రెండవది, బందరు పాలిటెక్నిక్ బాలురకు కటకములు సానపట్టుట నేర్పవలెను. మూడేండ్ల కొకసారి వచ్చు గిరాకీని నమ్ముకొని ఏ తండ్రియు కొడుకును ఆ పనిలో పెట్టడు. కావున కొనుగోలుపత్రములను ప్రభుత్వము కొన్నియేండ్లకు ముందుగానే ఈయవలెను. ఈ రెండు కోరికలతో విన్నపమొకటి వ్రాసి, చందాదారుల సంతకములకై పత్రికల బల్లపై నుంచుట యుక్తము.