గోడలోని నీటికి లెక్క

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండితులు ప్రసంగించిన ఈ వేదికపై గ్రామ లెక్కలు వ్రాయువాడనగు నన్ను నిలిపి, ఇంటి గోడల సంరక్షణమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆజ్ఞాపించిరి. నేను తాపీ పట్టినవాడను గాను. కాని లెక్కల పనిమీద ఇల్లిల్లు తిరిగినవాడను. అరుగులపై కూర్చుండి గోడలను చూచినవాడను. పెద్ద మేస్త్రీల మాటలను చెవియొగ్గి విన్నవాడను. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము ఏ గోడల నీడన వర్ధిల్లినదో ఆ గోడలను గూర్చి ఒక్కనాడైనను తలపోయుట మన విధి.

నా వృత్తి భాషలోనే చెప్పెదను. ప్రతి గోడకును ఒక జమాఖర్చు కలదు. వాన, నేలచెమ్మ, దొడ్డిలోని వాడుకనీరు - ఇవి జమ. ఎండకు, గాలికి ఆవిరియై పోవు నీరు ఖర్చు. ఏటికేడు జమకు తగిన ఖర్చు జరిగి, నిలువ లేకుండిన గోడ నూరేండ్లు నిలుచును. జమ పెరిగినను, ఖర్చు దారి మూసికొనిపోయినను, లోపల నీరు నిలువయగును. ఆ నిలువయే గోడకు మృత్యువు. నేను చెప్పదలచినది ఇంతమాత్రమే. తక్కినదంతయు దీని వివరణము.

లడఖు, హిమాచలము, ఐరోపా ఖండము వంటి శీతల దేశములలో ఈ నిలువనీరు గడ్డకట్టును. గడ్డకట్టునపుడు నీరు నూటికి సుమారు తొమ్మిది పాళ్లు పెరుగును. రాతి సందులలో, ఇటుక రంధ్రములలో ఇరుకుకొనిన మంచు ఉబ్బి, కరగి, మరల ఉబ్బి, చలికాలము ముగియునప్పటికి గట్టి కట్టుబడిని సైతము పొరలు పొరలుగా రాల్చును. మన నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో అట్టి మంచు లేదు. కాని ఆ మంచు చేయు పనిని మనకు ఎండ, వాన, ఉప్పు మూడును కలిసి చేయుచున్నవి. వైశాఖమున చేయి పెట్టరాని వేడికి రాయి వ్యాకోచించును. ఆషాఢపు జల్లు పడగానే సంకోచించును. వడ్డెరలు పరుపుబండపై మంటవేసి పలకలు లేపుట మీరు చూచియుందురు. వేడికి బండయే పొర విడిచినపుడు, గోడ సందులు విడుట వింతయా?

ఇక ఉప్పు సంగతి. నేలచెమ్మ దీపపు వత్తిలో నూనె ఎగబ్రాకినట్లు గోడలో పైకి ప్రాకును. చవుడు నేలలలో ఆ చెమ్మతో లవణములు కూడ వచ్చును. నీరు ఆవిరియై పోవును గాని ఉప్పు పోదు. అది గోడ ఉపరితలమునకు దాపున స్ఫటికములై పెరిగి, మంచు వలెనే లోపలినుండి త్రోయును. అడుగున రెండు మూడడుగుల ఎత్తువరకు తెల్లని పొడి కనబడి, పూత పొట్టువలె రాలుచున్నచో కారణమిదియే. ఇందొక విచిత్రము గమనింపదగినది. అలంపురము, గద్వాల ప్రాంతములలో మిద్దెలపై చవుడుమట్టి పరచుట పూర్వాచారము. తడిసిన చవుడు మెత్తబడి, తన రంధ్రములను తానే మూసికొని, వాననీటిని క్రిందికి దిగనీయదు. పైకప్పున రక్షకమైన చవుడే గోడ అడుగున భక్షకమగుచున్నది. వస్తువునందు గుణదోషములు రెండును కలవు. దాని స్థానమెరుగుటయే వివేకము.

మన పాత ఇండ్లు చాలవరకు రాతితోను, మట్టితోను కట్టినవి. కలిగినవారు గానుగసున్నముతో కట్టించిరి. సున్నపురాయిని బట్టీలో కాల్చిన దానిలోని బొగ్గుపులుసు వాయువు పోయి సున్నమగును. దానిని నీటితో చల్లార్చి, ఇసుకతో నూరి గోడకు పట్టించిన, అది గాలిలోని ఆ వాయువునే తిరిగి గ్రహించి మెల్లమెల్లగా మరల రాయియగును. కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలుపుట పూర్వుల పద్ధతి. ఈ సున్నము రాతికన్న మెత్తనిది. గోడ కొంచెము కదలినచో తాను కొంచెము సర్దుకొనును. మట్టివలెనే ఇదియు చెమ్మను లోపల బంధింపదు, బయటికి పోనిచ్చును. కాలక్రమమున తాను అరిగి రాతిని కాపాడును. అరిగిన సున్నమును మరల పెట్టవచ్చును. పగిలిన రాతిని అతుకజాలము.

ఇట్టి గోడకు నేడు సిమెంటు గిలాబు చేయించుట వాడుకయైనది. పైకి నునుపుగా, కొత్తగా కనబడును. ఐతే మెత్తని మట్టిగోడపై కరడుగట్టిన ఆ పొర కొలది కాలమునకే వెంట్రుకవాసి నెరియలు విచ్చును. ఆ నెరియలలో వాననీరు చొచ్చును. తిరిగి వచ్చుటకు దారి లేదు. జమ సాగుచున్నది, ఖర్చు మూసికొనినది. పైపొర చెక్కుచెదరకుండగనే లోపలి మట్టి నాని ముద్దయగును. మయసభలో సుయోధనుడు నీటిని నేలయని భ్రమసెను. మనము నానిన గోడను గట్టి గోడయని భ్రమసెదము.

ఇది నా ఊహ కాదు. హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటములకు ఇరువదవ శతాబ్దమున మరమ్మతు పేర సిమెంటు పూసియుండిరి. 2013లో ఆరంభమైన ఆగాఖాన్ సంస్థవారి పునరుద్ధరణ కార్యమున ఆ పొరలను ఒలిచివేసి, తిరిగి సున్నపు గచ్చునే పూసిరి. రాజుల గోరీలకు తెలిసివచ్చిన సత్యము రైతుల ఇండ్లకును వర్తించును.

అట్లని సిమెంటును నిందింపరాదు. మన జిల్లాలోనే 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము రాతి, సిమెంటుల కట్టుబడియే. దేశమందలి అనేకమైన ఆనకట్టలలో పాలమూరు కూలీల చెమట కలిసియున్నది. కాని అంతటి కట్టడమును నిర్మించినవారు సైతము లోనికి చుక్క నీరు రాదని గర్వింపలేదు. ఆనకట్ట గర్భమున సొరంగపు దారులు అమర్చి, ఊరిన నీటిని అందుండి వెలుపలికి పంపు ఏర్పాటు చేసిరి. మహానిర్మాణమునకే ఖర్చు ఖాతా కావలసివచ్చినపుడు మన అరడుగు గోడకు అక్కరలేదా?

ఇచట ఒక మనవి. ఈ రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయపు పాత గోడలకు సిమెంటు గిలాబు చేయించి రంగులు వేయింపవలెనని కొందరు సభ్యులు సంకల్పించినారు. వారి అభిమానము శ్లాఘనీయము. కాని ఉత్తరపు గోడకు ఆనుకొనిన బీరువాలోని పుస్తకములు ప్రతి శ్రావణమున చెమ్మపట్టుచున్నవి. ఆ చెమ్మకు కారణము గోడకు గిలాబు లేకపోవుట కాదు. చూరునీరు గోడ అడుగునే పడుచుండుట. ఆ ద్రవ్యమును ముందు పైకప్పునకు, కాలువకు ఖర్చు చేయుడని ప్రార్థించుచున్నాను. రంగులు తరువాతి సంవత్సరమైనను వేసికొనవచ్చును. బూజుపట్టిన పుస్తకమును తిరిగి కొత్త చేయుట మనతరము కాదు.

మరమ్మతునకు ఒక వరుస కలదు, అది తప్పరాదు. మొదటిది పైకప్పు. వానలకు ముందే గూనపెంకులు సరిచేసి, మిద్దెపై కొత్త మట్టి పరచి, నీరు పోవు గొట్టములలోని ఆకులు తీయవలెను. చూరు గోడకు దూరముగా ఉండవలెను. రెండవది గోడ అడుగు. గోడనుండి ఆరడుగుల మేర నేలను వెలుపలికి వాలుగా చేయవలెను. అడుగుకు అరంగుళమైనను వాలుండవలెను. స్నానపు నీరు, గోలెము నీరు గోడను తాకరాదు. పెంట, కట్టెలు, మట్టి గోడకు ఆనించి పోయరాదు. మూడవది సందులు. నాలుగవది పూత. లోకమున జనులు నాలుగవ దానితో ఆరంభించి, మొదటిదానికి డబ్బు చాలలేదందురు.

సందులను పూడ్చుటకు వానలు వెడలిన పిదప, ఎండలు ముదరకముందు, కార్తికము మొదలు మాఘము వరకు అనువైన కాలము. వదులైన పాత సున్నమును ఒక అంగుళము లోతువరకు గీకి, దుమ్ము దులిపి, రాళ్లను తడుపవలెను. ఒక పాలు సున్నము, మూడు పాళ్లు కడిగిన ఇసుక కలిపి నూరి, లోపలినుండి వెలితి లేకుండ కూరవలెను. పెద్ద సందులలో రాతి చిప్పలు దిగవేయవలెను. తడిగోనె కప్పి కొన్ని దినములు ఆరిపోకుండ కాపాడవలెను. మట్టితో కట్టిన గోడకు మట్టియే చాలును. పొడిసున్నముపై నీరు పోసినపుడు అది కుతకుత ఉడుకును. కంటబడిన చూపు పోవును గనుక పిల్లలను దరిచేరనీయరాదు. సందులలో మొలచిన రావి, మర్రి మొక్కలను చిన్నవిగా ఉన్నపుడే వేరుతో పెకలింపవలెను. ఇదివరకే సిమెంటు పూసిన గోడను తట్టి చూచి, డొల్లగా మ్రోగినచోట మాత్రమే ఊడదీసి, ఒక ఋతువు ఆరనిచ్చి, సున్నము పూయవలెను. గట్టిగా అంటుకొనినదానిని బలవంతముగా లాగిన రాయి చెడును.

నెరియ విచ్చిన గోడను చూచి భయపడుటకన్న లెక్క వ్రాయుట మేలు. నెరియకు అడ్డముగా పలుచని కాగితము అంటించి తేదీ వేయుడు. అది మరుసటి వానకాలము వరకు చినుగకున్న నెరియ పాతది. చినిగిన గోడ కదలుచున్నదని అర్థము. గోడ తలనుండి దారమునకు రాయి కట్టి వ్రేలాడదీసి, నడుమ గోడ పొట్ట పెట్టినదేమో చూడుడు. వారణావతమున కొత్త ఇంట ప్రవేశించిన ధర్మరాజు గోడల అందమునకు మురియలేదు. నేయి, లక్కల వాసన పసిగట్టి తమ్ములను కాపాడుకొనెను. ఇంట ముక్కవాసన వచ్చిన, గోడ చెమ్మను చెప్పుచున్నదని మనము గ్రహింపవలెను.

ఇదంతయు ఇంటి అందము కొరకు చెప్పినది కాదు. 2021 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా అయిజ మండలములోని కొత్తపల్లిలో వానలకు నానిన గోడ కూలి ఒకే కుటుంబమునకు చెందిన ఐదుగురు మరణించిరి. మన పల్లెలకు అది పరాయి కథ కాదు. ముసురు రెండు మూడు దినములు విడువక పట్టినపుడు పాతగోడ ప్రక్క మంచము వేయవలదు. పొట్ట పెట్టిన గోడ, మట్టి రాల్చు గోడ, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకొను ఇల్లు - వీనిని చూచినపుడు పిల్లలతోను, ముసలివారితోను ఆ రాత్రియే వేరొకచోటికి పొండు. వాన తగ్గినదని మరునాడే మరలి రావలదు. నానిన గోడ ఎండ కాసిన పిదప కూడ కూలవచ్చును. పొరుగువాడు పేదవాడై మరమ్మతు చేయలేనిచో ఈ గ్రంథాలయపు గది ఆ రాత్రులకు తెరచియుంచుట మన కర్తవ్యమని కార్యవర్గమునకు విన్నవించుచున్నాను.

ప్రతి సంవత్సరము మృగశిర కార్తెకు ముందొక దినము, మాఘమాసమున నొక దినము ఇంటిచుట్టు తిరిగి చూచుటకు నియమము పెట్టుకొనుడు. చీపురు, పార, దారము చాలును. గ్రంథాలయపు గోడకు ఆ లెక్క వ్రాయు పుస్తకమును నేడే తెరచుచున్నాను. మొదటి పుటలో ఉత్తరపు గోడను చేర్చినాను.