కాపురానికి వచ్చిన అమ్మాయికి కాస్త చేదోడు
(సంఘం ఉగాది ఉత్సవాలలో మహిళా విభాగం తరపున చేసిన ప్రసంగ పాఠం)



మహిళా విభాగం అంటే పెద్ద హంగేమీ లేదు. మేము అయిదారుగురం. ఈ డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్ వంటి ఊళ్లలో ఎవరింటికైనా కొత్తగా కోడలుపిల్ల వచ్చిందని తెలిస్తే ఒక సీసాలో ఆవకాయ, ఒక డబ్బాలో కందిపొడి పట్టుకొని వెళ్లి పలకరించి వస్తూ ఉంటాము. అలా తిరగ్గా తిరగ్గా మాకు తెలిసివచ్చిన సంగతులు కొన్ని ఇవాళ మీ ముందుంచుతున్నాము. ఇవి ముఖ్యంగా భార్యను తెచ్చుకున్న కుర్రవాళ్ల కోసం. భార్య ఉద్యోగం మీద వచ్చి ఇంట్లో ఉన్న భర్తలు కూడా మనలో కొద్దిమంది ఉన్నారు. ఇంటికి ఫోను చేసినప్పుడల్లా "ఏం చేస్తున్నావురా?" అనే ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం వారికి అదనపు శిక్ష. మేము చెప్పేదానిలో చాలా భాగం వారికీ పనికివస్తుంది.

ముందుగా ఈ సభలోని పెద్దలతో ఒక మాట. "మేము రాలేదా? మేము సర్దుకోలేదా? ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు" అని మనవాళ్లు తేలికగా అనేస్తూ ఉంటారు. ఆ మాట న్యాయం కాదని మా అభిప్రాయం. 1965 వలస చట్టం తరువాత వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లలో చాలామంది శాశ్వత నివాసులుగానే వచ్చారు, లేదా కొద్దికాలంలోనే అయ్యారు. భార్య చేతిలోనూ అదే కార్డు ఉండేది. ఆమెకు మనసు పుడితే ఏ ఆసుపత్రి లాబ్‌లోనో, బ్యాంకులోనో చేరిపోవచ్చు. ఈనాడు హెచ్-1బి మీద ఉన్న అబ్బాయి భార్యకు వచ్చేది హెచ్-4. దాని మీద చదువుకోవచ్చు, కారు నడపవచ్చు, బ్యాంకులో ఖాతా తెరవవచ్చు. జీతానికి పని మాత్రం చేయరాదు. 2015 మే 26 నుంచి, భర్త గ్రీన్ కార్డు దారిలో ఐ-140 అనే మెట్టు దాటితే భార్యకు పని అనుమతి కార్డు ఇస్తున్నారు. ఆ మెట్టు దాటడానికే కొందరికి ఏళ్లు పడుతుంది. ఆ తరువాత అసలు కార్డు కోసం వరుస ఉండనే ఉంది. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న లెక్క వల్ల మన దేశంలో పుట్టినవారి వరుస ఎంత పొడుగో మీకు మేము చెప్పనక్కరలేదు. ఎల్-1 మీద వచ్చినవారి భార్యలు కొంత నయం. 2021 నవంబరు నుంచి వారికి విడిగా కార్డు లేకుండానే పని చేసే వీలు వచ్చింది. చదువుకోవడానికి వచ్చినవారి భార్యలకు, అంటే ఎఫ్-2 వారికి, పనీ లేదు, పూర్తిస్థాయి చదువూ లేదు.

కాబట్టి ఈ అమ్మాయి ఓర్పు లేక ఏడవడం లేదు. హైదరాబాదులో పన్నెండు మందికి పని చెప్పి చేయించిన పిల్ల ఇక్కడ తపాలాబిళ్ల ఎక్కడ కొనాలో తెలియక కూర్చుంటున్నది. ఆ తేడా చిన్నది కాదు.

ఒక సంగతి చెబుతాము, పేర్లు వద్దు. తెనాలి వైపు అమ్మాయి. నవంబరులో వచ్చింది. మాకు తెలిసి మేము వెళ్లేసరికి ఫిబ్రవరి ఆఖరు. మూడు గంటలు మమ్మల్ని కదలనివ్వలేదు. వెళ్లివస్తామమ్మా అని లేచినప్పుడల్లా మరో కాఫీ కలిపి తెచ్చింది. నాలుగేసి కాఫీలు తాగి ఇళ్లకు చేరాము. ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. అది కాఫీ వల్ల మాత్రమే కాదు. ఆ అబ్బాయి చెడ్డవాడు కాడు. బంగారంలాంటి కుర్రవాడు. "అన్నీ నేనే చేసిపెడుతున్నాను కదా ఆంటీ, తనకు ఏ కష్టమూ లేదు" అన్నాడు. సరుకులు తెప్పించేది అతనే, బిల్లులు కట్టేది అతనే, ఫారాలు నింపేది అతనే, ఆఖరికి డాక్టరుతో మాట్లాడేదీ అతనే. చిక్కంతా అక్కడే ఉంది. అన్నీ చేసిపెట్టడం సాయం అనుకుంటున్నారు. చేసుకోనివ్వడం సాయం.

ఈ ఊరి చలికాలం గురించి కాస్త ఆగి ఆలోచించండి. డిసెంబరులో ఉదయం ఎనిమిది అయితేగాని వెలుగు రాదు, సాయంత్రం అయిదింటికల్లా చీకటి. చలికాలంలో మన దేశం మనకు పదిన్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండంటే అక్కడ రాత్రి పదిన్నర, అమ్మానాన్నలు పడుకునే వేళ. అది మొదలు ఇక్కడ ఆరింటికి మీరు ఇంటికి వచ్చేదాకా ఈ భూగోళం మీద ఆ పిల్లకు మేలుకొని ఉన్న సొంతమనిషి ఒక్కరూ లేరు. మీరు వచ్చేసరికి మీకేమో రోజంతా మాట్లాడి నోరు నొప్పి. ఆమెకేమో అప్పుడే మాట మొదలు. వచ్చిన మొదటి అరగంట ఆ ఫోను పక్కన పెట్టి కూర్చోండి నాయనా, ఇంతకంటే చవకైన మందు లేదు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, లేవాలని అనిపించకపోయినా డాక్టరుకు చూపించండి. "ఇంటిమీద బెంగ, అదే పోతుంది" అని తోసిపుచ్చకండి.

ఇంట్లో సంగతులు త్వరగా చెప్పి దాటేస్తాము. తాళింపు వేయగానే కప్పుమీద పొగగంట మోగి కొత్త పిల్ల గుండె జారిపోతుంది. అది ఎందుకుందో, ఎలా ఆపాలో మొదటిరోజే చూపించండి. కొందరు బ్యాటరీ పీకి పారేస్తారు. ఇవి కర్ర ఇళ్లు, ఆ పని చేయకండి. పొయ్యిమీది ఫ్యాను వేసి, కిటికీ కాస్త తీసి తాళింపు పెట్టుకోవడమే మార్గం. అలాగే 911 సంగతి. ఇండియాకు ఫోను చేయబోయి 91 తరువాత మరో ఒకటి నొక్కి పోలీసులను గుమ్మంలోకి రప్పించుకున్నవారు మన ఊళ్లో ఉన్నారు. అలా తగిలితే భయపడి పెట్టేయకుండా పొరపాటున కలిసిందని చెప్పాలి. అసలు ఎప్పుడు చేయాలో కూడా ఆమెకు స్పష్టంగా తెలిసి ఉండాలి. ఇంటి చిరునామా ఆమెకు నోటికి రావాలి.

ఇక కారు. ఈ రాష్ట్రంలో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. మా లెక్కలో అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఇదే. హెచ్-4 మీద ఉన్నవారికి లైసెన్సు వస్తుంది. పని అనుమతి లేనంతకాలం సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు గనుక, ఆ నంబరుకు అర్హత లేదని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఇచ్చే కాగితం కొన్ని రాష్ట్రాలలో అడుగుతారు. ఆ ఆఫీసుకు ఒక పూట సెలవు పెట్టి తీసుకువెళ్లండి. కుడివైపు నడపడం, నాలుగు వైపులా ఆగవలసిన కూడలిలో ముందు వచ్చినవారు ముందు వెళ్లడం, స్కూలు బస్సు ఎర్రదీపాలు వెలిగించి ఆగితే మనమూ ఆగడం, ఇవన్నీ నేర్చుకునే విషయాలే, బ్రహ్మవిద్య కాదు. అయితే మీరు నేర్పకండి. భర్త దగ్గర కారు నేర్చుకొని ఆ సాయంత్రం అన్నం తిన్న భార్యను మేము ఇంతవరకు చూడలేదు. డబ్బు పోతే పోయింది, నేర్పే మనిషిని పెట్టండి. లేదా మాలో ఒకరు వస్తారు. తన పాత కారులో ముప్పైమందికి నేర్పిన అక్కయ్య ఒకరు ఇక్కడే రెండో వరుసలో కూర్చుని ఉన్నారు. లేచి నిలబడమంటే ఒప్పుకోరు.

కాగితాల విషయంలో మేము కాస్త గట్టిగా మాట్లాడుతాము, ఏమీ అనుకోవద్దు. ఆమె పాస్‌పోర్టు ఆమె దగ్గర ఉండాలి. మీ బీరువాలో భద్రంగా ఉందంటారా? భద్రత కాదు మేము అడుగుతున్నది. తన ఐ-94 ఏ తేదీతో ముగుస్తుందో ఆమెకు తెలియాలి. మీకు పొడిగింపు వచ్చినంత మాత్రాన ఆమెకు దానంతటదే రాదు, ఐ-539 అనే ఫారం విడిగా పెట్టాలి. ఇది తెలియక చిక్కుల్లో పడ్డ ఇళ్లు ఉన్నాయి. పని అనుమతి కార్డు ఉన్నవారికి మరో మాట. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన పొడిగింపు దరఖాస్తులకు, పాత కార్డు గడువు దానంతటదే పెరిగే వెసులుబాటు తీసివేశారు. కార్డు చేతికి రావడం ఆలస్యమైతే ఉద్యోగం ఆగిపోతుంది. గడువుకు ఆరు నెలల ముందే పెట్టవచ్చు గనుక ఆ రోజు క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. నియమాలు మారుతూనే ఉంటాయి. మా మాట పట్టుకొని కూర్చోక వకీలును అడగండి.

డబ్బు సంగతీ అంతే. ఇరవై డాలర్లు కావాలంటే అడిగి తీసుకోవలసి రావడం, మొన్నటిదాకా తన జీతం తాను తెచ్చుకున్న మనిషికి ఎలా ఉంటుందో ఒకసారి మీ మీద పెట్టి చూసుకోండి. ఖాతా ఇద్దరి పేర్లమీదా పెట్టండి. పాస్‌పోర్టు, చిరునామా కాగితం చూపిస్తే చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. ప్రతి వస్తువునూ రూపాయల్లోకి మార్చి చూసుకోవడం ఒక ఏడాది ఉంటుంది, దానికి నవ్వకండి. అది మనకందరికీ వచ్చిన జబ్బే.

పగటిపూట ఏం చేయాలి అని అమ్మాయిలు మమ్మల్ని అడుగుతారు. మొదట లైబ్రరీ. చిరునామా చూపిస్తే కార్డు ఉచితం. చాలా లైబ్రరీలలో ఇంగ్లీషు మాట్లాడుకునే కూటాలు, పిల్లలకు కథల గంటలు ఉంటాయి. అక్కడే స్నేహాలు పుడతాయి. ఇంగ్లీషు అంటే గుర్తుకు వచ్చింది, నలుగురిలో మీ భార్య మాటను దిద్దకండి. ఆమెకు ఇంగ్లీషు వచ్చు. ఈ ఊరి యాస కొత్త, అంతే. మీకు మాత్రం మొదటి ఏడాది ఏం వచ్చిందో మీ స్నేహితులను అడిగితే చెబుతారు. గుడిలోను, మన సంఘంలోను స్వచ్ఛందంగా సేవ చేయవచ్చు. కాని ఏ కంపెనీలోనో జీతగాళ్లు చేసే పనిని ఊరికే చేసిపెట్టడం కూడా చట్టం ఒప్పుకోదు, జాగ్రత్త. కాలేజీలో చేరవచ్చు. స్థానికుల రుసుముకు చేర్చుకుంటారా లేదా అన్నది కాలేజీని బట్టి ఉంటుంది, ముందే అడగండి. వృత్తి చదువులు చదివినవారు దారి కనుక్కొని డబ్బు ఖర్చు పెట్టాలి. డాక్టర్లకు, నర్సులకు పరీక్షల దారి ఉంది. మన బి.ఫార్మసీ పిల్లలకు చేదు కబురు. 2003 జనవరి తరువాత పట్టా పొందిన నాలుగేళ్ల చదువును ఇక్కడి ఫార్మసిస్టు పరీక్షల సంస్థ ఒప్పుకోవడం లేదు. అయిదేళ్ల చదువు కావాలంటారు. ఇది తెలియక ట్యూషన్లకు డబ్బు పోసినవారు ఉన్నారు.

అత్తమామలతో ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్తాము. రోజూ ఫోనులో "ఇవాళ ఏం వండావు?" అని కాకుండా "ఇవాళ ఎక్కడికి వెళ్లావు?" అని అడిగి చూడండి.

చివరిగా, పండుగపూట చెప్పడానికి మనసొప్పని మాట. ఇంతవరకు చెప్పినదంతా మంచి భర్తలున్న ఇళ్ల గురించి. కొన్ని ఇళ్లలో పాస్‌పోర్టు దాచడం, ఫోను లాక్కోవడం, చేయి చేసుకోవడం కూడా జరుగుతున్నది. మన తెలుగు ఇళ్లలోనే. హెచ్-4 భర్తను బట్టి వచ్చేది, విడాకులైతే పోతుంది. ఆ భయంతోనే చాలామంది నోరు మెదపరు. వారికి తెలియవలసిన సంగతి ఒకటుంది. హింసకు గురైన హెచ్-4 భార్యలు స్వయంగా పని అనుమతికి దరఖాస్తు చేసుకునే వీలును 2005 నాటి చట్టంలో పెట్టారు. భర్త సంతకం అక్కరలేదు. దక్షిణాసియా స్త్రీల కోసం న్యూజెర్సీలో 1985లో మానవి అనే సంస్థ మొదలైంది. తరువాత మరెన్నో ఊళ్లలో అలాంటివి వచ్చాయి. దేశమంతటికీ పనిచేసే ఫోను నంబరు 1-800-799-7233. రాత్రీ పగలూ పలుకుతారు, దుబాసీని కూడా పిలుస్తారు. ఈ నంబరును ఆడవాళ్ల చేతులు కడుక్కునే గదిలో, తలుపు లోపలివైపు అంటించాము. హాలులో అంటిస్తే ఎవరూ నిలబడి వ్రాసుకోరు. అలాంటి కబురు మీ చెవిన పడితే "ఇంటి గుట్టు" అని ఊరుకోకండి. మధ్యవర్తిత్వానికి ఇద్దరినీ కూర్చోబెట్టి పెద్దమనుషుల పంచాయతీ కూడా పెట్టకండి. ఆ తరువాత ఇంటికి వెళ్లి ఆ దెబ్బలు తినేది ఆమె. మాకు చెప్పండి, లేదా ఆ నంబరు ఆమెకు ఒక్కదానికే చేరేటట్టు చూడండి.

మాకిచ్చిన సమయం అయిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. బయట, చెప్పులు విడిచిన చోటుకు ఎడమవైపు బల్లమీద ఒక నోటుపుస్తకం ఉంది. ఈ ఏడాది కొత్తగా వచ్చినవారు పేరు, ఊరు, ఏ రోజు వస్తే వీలో వ్రాయండి. దయచేసి ఆమె పేరు ఆమెనే వ్రాయనివ్వండి, ఆమె ఫోను నంబరే వ్రాయించండి. కిందటి సంవత్సరం పుస్తకం నిండా భర్తల నంబర్లే ఉన్నాయి. బుధవారం పగలు కారు పాఠాలు, శుక్రవారం లైబ్రరీ ప్రయాణం. తీసుకువెళ్లడానికి మేమే వస్తాము.