తాడు కొసకు బరువెందుకు?



మన భాష గురించి, చరిత్ర గురించి ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. మేము హాస్టల్లో రోజూ ఆడపిల్లల మధ్య ఉండేవాళ్లం కనుక ఒక చిన్న విషయమే తెచ్చాం. కాంచళి తాళ్ల కొసలు.

కాంచళికి వీపు ఉండదు. వెనక తాళ్లే దాన్ని పట్టి ఉంచాలి. ఆ కొసలకు గవ్వలు, ఉన్ని కుచ్చులు, సత్తు పూసలు కట్టేది అందానికే అనుకుంటారు చాలామంది. బరువు లేని తాడు గాలికి ఎగిరి మెలిపడుతుంది. కొసన బరువుంటే నిటారుగా వేలాడుతుంది, ఆడేటప్పుడు ఊగి మళ్లీ తన చోటికే వస్తుంది.

మూరెడు తాడు కావాలంటే రెండున్నర మూరల దారం తీసుకోండి. మెలికలు పడేదాకా పురిపెట్టి, మధ్యకు మడిచి వదిలితే రెండు పోగులూ ఒకదానికొకటి చుట్టుకుంటాయి. మడత ఉన్న కొస తనంతట తాను విడిపోదు. రెండో కొసతోనే చిక్కు. ముడి వెయ్యకుండా కోశారా, పురి మొత్తం వెనక్కి తిరుగుతుంది. అందుకే ముందు ముడి, ఆ పైన సన్నటి దారంతో బిగించి పది చుట్లు, చివర సూదితో ఆ చుట్ల లోపలికి దూర్చి లాగడం. కుచ్చు మెడ కూడా ఇలాగే చుట్టాలి, లేకపోతే ఉన్ని ఊడిపోతుంది. గవ్వకు వీపు అరగదీసి రంధ్రం చేస్తారు. దారం ఆ రంధ్రంలోంచి వెళ్లి ముందున్న చీలికలోంచి బయటికి రావాలి. అంచు గరుకుగా ఉంటే నాలుగు రోజుల్లో దారాన్ని కోసేస్తుంది, బండ మీద నున్నగా రుద్దండి.

నైలాన్ తాడు కొస అగ్గిపుల్లతో కాలిస్తే అతుక్కుంటుంది, నిజమే. కానీ ఆ గట్టి ముద్ద వీపుకు గుచ్చుకుంటుంది. నూలు తాడైతే కాలి బూడిదవుతుంది, అంతే. ఇంకో మాట, పాత సీసం పూసలు పసిపిల్లల నోటికి అందనివ్వకండి. సీసం విషం.

2023 జూలైలో హంపిలో జీ20 సమావేశాలప్పుడు సండూరు లంబాణీ అక్కచెల్లెళ్లు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇక్కడేమో స్టేజీ డాన్సుకు మన పిల్లలు అద్దె డ్రెస్సు వేసుకుంటున్నారు. జిగురుతో అతికించిన ప్లాస్టిక్ గవ్వలు రెండో పాటకే రాలిపోతాయి. ఇంట్లో పెట్టెలో ఉన్న నానమ్మ కాంచళిని మాత్రం తిరుగుడు వ్యాపారి అడిగిన ధరకు ఇచ్చేస్తున్నాం. అతను దాన్ని ముక్కలు చేసి సంచులకు కుట్టిస్తాడు. ముక్కలు ఎక్కడో ఒకచోట మిగులుతాయి గానీ, కొస బిగించే చేతులు తండాకు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్లకు చూపు తగ్గుతోంది.

ఈ సెలవుల్లో తండాకు వెళ్లినప్పుడు ఫోన్ తీసి ఆ చేతివేళ్లను దగ్గరగా వీడియో తీయండి. ఒక కొస మీరే కట్టి తీసుకురండి, వంకరగా వచ్చినా సరే. ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ వరండాలో కూర్చుందాం. దారం, సూదులు మేము తెచ్చిపెడతాం. మగపిల్లలు కూడా రావచ్చు.